రెండు గోత్రాల సంకల్పం

మా తమ్ముడితో నేను తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. అందుకు కారణం భక్తి అని అప్పట్లో నాకు నేను చెప్పుకునేదాన్ని.

మాది చిత్తూరు. పూతలపట్టు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. శనివారం సాయంత్రాలు మా వీధిలోని వెంకటేశ్వరస్వామి గుడిలో పదకొండు మంది ఆడవాళ్లం కూర్చుని గోవిందనామాలు, విష్ణుసహస్రనామం చదివేవాళ్లం. ఆ బృందాన్ని మొదలుపెట్టింది నేనే. సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే పెరటాసి నెలంతా స్వామి పేరు మీద మా ఇంట్లో నీచు వండం. ఇవన్నీ గొప్పకు చెప్పడం లేదు. నేను చేసిన తప్పు దేవుడు పట్టని మనిషి చేసింది కాదని తెలియడానికి చెబుతున్నాను.

అమ్మ పోయేనాటికి తమ్ముడికి పదకొండేళ్లు, నాకు ఇరవై ఆరు. నాకు పెళ్లయి ఇదే ఊళ్లో కాపురం ఉంటున్నాను. కర్మాంతరాలు అయిన మర్నాడు నాయన వాడి బట్టల సంచీ పట్టుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. "నా చేత గాదుమా, నువ్వే సాకల్ల," అన్నాడు. సాకాను. వాడు మా ఇంట్లోనే పెరిగి డిగ్రీ పాసయ్యాడు. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో ఉద్యోగం దొరికితే అక్కడే గది తీసుకున్నాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక నేను పలమనేరు వైపు ఒక సంబంధం చూశాను. అమ్మాయి నచ్చింది, వాళ్లకూ మేం నచ్చాం. తాంబూలాలు మార్చుకోవడానికి రోజు కుదుర్చుకున్నాం.

ఇంకో నెల ఉందనగా వాడు ఇంటికి వచ్చాడు. నేను మిద్దె మీద వడియాలు పెడుతున్నాను. కాసేపు నిలబడి, తర్వాత నా పక్కనే కూర్చున్నాడు.

"అక్కా, ఈ పెండ్లి వొద్దు. ఆ పిల్ల మంచిదే. నాకే ఆడోళ్ల మీద మనసు పోదు. సిన్నప్పట్నుంచీ అంతే."

"యాడన్నా ఎవుర్నన్నా సూసుకున్నావా? కులం వేరా?"

"కులం గాదుక్కా. మొగోడు."

చేతిలోని పిండితో ఇంకో వడియం పెట్టాను. అరవలేదు. "పెండ్లయితే అన్నీ అవే సక్కబడతాయి," అన్నాను. బళ్లో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. ఆ వారమే వాణ్ణి తిరుమలకు తీసుకుపోయాను. గుండు కొట్టించుకోమంటే కొట్టించుకున్నాడు. తడిబట్టలతో అంగప్రదక్షిణం చేయమంటే చేశాడు. ఎదురు చెప్పే అలవాటు వాడికి ఎప్పుడూ లేదు. బయటికొచ్చాక ప్రసాదం తింటూ అడిగాను.

"స్వామిని ఏమని మొక్కుకుంటివి?"

"నువ్వేమి మొక్కుకోమంటివో అదే. నేనూ పదైదేండ్లుగా అదే మొక్కుకుంటా ఉండా. స్వామి ఇయ్యలా."

"నీ భక్తి సాల్లేదు," అన్నాను.

ఈ మాట అన్నది నేనే. మరిచిపోవడానికి వీలు లేని మాటలు మనిషికి కొన్ని ఉంటాయి. నాకు ఇది.

తాంబూలాలకు పది రోజుల ముందు వాడే అమ్మాయి వాళ్ల నాయనకు ఫోన్ చేసి పెళ్లి చేసుకోలేనని చెప్పేశాడు. కారణం చెప్పలేదు. ఆయన మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే ముట్టలేదు. "మేమేమి తప్పు సేసినాము తల్లీ?" అని ఒక్కసారి అడిగి లేచిపోయాడు. ఆయన అటు వెళ్లగానే నేను తమ్ముడికి ఫోన్ చేశాను. దేవుడు పెట్టిన ధర్మం తప్పినవాడు నా గడప తొక్కొద్దన్నాను. ఆ సాయంత్రం దేవుడి గూటి ముందు నిలబడి, వీడు మారి పెళ్లి చేసుకుంటే నా తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను.

తొమ్మిదేళ్లలో వాణ్ణి చూసింది నాయన పోయినప్పుడే. కర్మ చేయాల్సినవాడు కాబట్టి వచ్చాడు. వాడితో ఇంకొకాయన వచ్చాడు. అన్ని రోజులూ మా వీధి చివర మోటారుసైకిల్ దగ్గరే నిలబడేవాడు. లోపలికి రాలేదు, ఎవరూ రమ్మనలేదు. వచ్చిన వాళ్లందరికీ కాఫీ పంపాను, ఆయనకు పంపలేదు. రెండో రోజు మావారే ఒక గ్లాసు తీసుకుపోయి ఇచ్చి వచ్చారు. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ మధ్య పెద్ద కోర్టు ఇట్లా ఇద్దరు మగవాళ్లు కలిసి బతకడం నేరం కాదన్నదని పేపర్లో వచ్చింది. స్టాఫ్ రూములో దాని మీద నవ్వులాట జరిగింది. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బళ్లో పిల్లలకు అన్నాలు వడ్డిస్తుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను... మీ తమ్మునితో ఉండేవాణ్ణి. తిరుపతిలో ఆసుపత్రి నుంచి మాట్లాడతా ఉండా. వానికి అపెండిక్స్ పగిలింది. కడుపంతా సీము పట్టిందంట. ఆపరేషన్ సెయ్యాల. ఇంటోళ్లు ఎవురన్నా ఉంటే పిలిపించమంటా ఉండారు."

"నువ్వు ఉండావు గదా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"రోగికి నువ్వేమవుతావని అడిగినారు. ఫ్రెండ్ అని సెప్పినా. ఫ్రెండ్ కాకుండా ఇంటోళ్లు కావాలంటా ఉండారు."

పూతలపట్టు కూడలిలో బస్సెక్కాను. తిరుపతి చేరడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా గోవిందనామాలు చదవాలని చూశాను. ఏడెనిమిది నామాల తర్వాత అవి ముందుకు సాగలేదు. నీ భక్తి సాల్లేదన్న మాటే మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది.

నాయన పోయినప్పుడు మా వీధి చివర నిలబడిన ఆ మనిషే ఆసుపత్రిలో ఎదురొచ్చాడు. చేతులకు వార్నిష్ మరకలున్నాయి. రేణిగుంటలో మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఆయనది. తమ్ముడికన్నా ఏడాది చిన్న. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వరసగా పెట్టుకున్నాడు. ఫారంలో 'బంధుత్వం' అన్నచోట అక్క అని రాసి సంతకం పెట్టాను. అంతలో నర్సు వచ్చి, ఏదైనా మందు పడకపోవడం ఉందా అని నన్ను అడిగింది.

లేదని చెప్పబోయాను.

"సల్ఫా మందు పడదు మేడమ్," అన్నాడు ఆయన. "నాలుగేండ్ల ముందర ఒళ్లంతా బొబ్బలు లేసినాయి. అప్పుడు డాక్టరు రాసిచ్చిన సీటీ ఇందులో ఉండాది." కవరులోంచి తీసి ఇచ్చాడు.

నర్సు దాన్ని ఎర్ర పెన్నుతో రాసుకుంది. పదకొండో ఏట నుంచీ వాణ్ణి సాకింది నేను. నాకు తెలియని సంగతి ఆయనకు తెలుసు. అయినా నా సంతకం చెల్లింది, ఆయనది చెల్లలేదు. ఇందులో ఆసుపత్రి వాళ్లను అనడానికి లేదు, వాళ్లకున్న నియమం అది. కానీ ఆ బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తే, తొమ్మిదేళ్లుగా నేను దేవుడి పక్షాన నిలబడ్డాననుకున్నది నిజానికి ఈ ఫారం పక్షాన నిలబడడమేనని అనిపించింది.

తమ్ముడు పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బళ్లో సెలవు పెట్టి నేనూ ఉన్నాను. మత్తు వదిలాక వాడు నన్ను చూసి, "బడికి పోలేదా?" అన్నాడు. లేదన్నాను. తొమ్మిదేళ్ల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. మూడో రోజు, ఆయన గంజి తేవడానికి వెళ్లినప్పుడు, తమ్ముణ్ణి క్షమించమని అడిగాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "ఆయన్ని గూడా అడుగు," అన్నాడు. అడిగాను. ఆయన గంజి గిన్నె కింద పెట్టి, "కాఫీ ఇచ్చింది బావగారు గదక్కా, ఆయన మొకం సూసి ఎప్పుడో మర్సిపొయినా," అన్నాడు. మరిచిపోలేదని నాకు అర్థమైంది. మరిచిపోయి ఉంటే కాఫీ సంగతి ఎందుకు వస్తుంది?

తమ్ముడు లేచి తిరగడం మొదలుపెట్టాక, ఆయన తనకొక మొక్కు ఉందన్నాడు. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మొక్కుకున్నాడట. అలిపిరి నుంచి కొండ మీదిదాకా ప్రతి మెట్టుకూ పసుపు పూసి కుంకుమ పెట్టాలి. మామూలుగా ఆ మొక్కు ఆడవాళ్లు మొక్కుకుంటారు. తమ్ముడు ఇంకా మెట్లు ఎక్కే స్థితిలో లేడు. నేను తోడు వస్తానన్నాను.

తెల్లవారి ఐదింటికి పాదాల మండపం దగ్గర మొదలుపెట్టాం. ఆయన పసుపు డబ్బాతో ముందు, నేను కుంకుమతో వెనక. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు. గాలిగోపురం చేరేసరికి ఆయన నడుము పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం కూర్చుని మజ్జిగ తాగాం. అప్పుడు అడిగాను, దేవుడి మీద ఎప్పుడూ కోపం రాలేదా అని.

"రాకేమి. మా ఊరి భజన గుడిలో నేను హార్మోనియం వాయిస్తా ఉంటి. నా సంగతి తెలిసినాక రావద్దనినారు. ఆ ఏడు పెరటాసికి నామం పెట్టుకోలా. తర్వాత నాకే తప్పనిపించింది. రావద్దనింది మా ఊరోళ్లు, నేను నామం మానేసింది స్వామి మీద. ఎవురి మీద కోపం ఎవురి మీద సూపించినట్టు?" అని నవ్వాడు. "ఇప్పుడు షాపులోనే హార్మోనియం పెట్టుకోనుండా. మోటార్ల సప్పుడులో ఎవురికీ ఇనపడదు."

మోకాళ్ల మెట్ల కింద మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె మా పక్కన నడక కలిపింది. మనవరాలి చేయి పట్టుకుని ఉంది. మగవాడు పసుపు పూయడం చూసి వింతపడింది.

"ఎవురికోసరంమా మొక్కుకున్నాడు? పెండ్లానికి బాగలేదా?"

"మా తమ్మునికి బాగలేకుండె. వానికోసరం."

"స్నేహితుడా? ఈ కాలంలో స్నేహితునికోసరం ఇంత కష్టం ఎవురు పడతారు తల్లీ."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమె మెచ్చుకుని వెళ్లిపోయేది. "స్నేహితుడు గాదుమా. ఇద్దరూ ఒక ఇంట్లో మొగుడూ పెండ్లాం మాదిరి బతకతా ఉండారు. పన్నెండేండ్లయింది," అన్నాను.

ఆమె నా మొహం చూసింది, ఆయన వీపు చూసింది. మనవరాలిని ఎత్తుకుని గబగబా నాలుగు మెట్లు ఎక్కి, అక్కడ ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కిపోయింది. మంచిగా అనుకుందో చెడ్డగా అనుకుందో నాకు తెలియదు.

"అందరికీ సెప్పాల్సిన పన్లేదుక్కా," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

"అందరికీ సెప్పలా. ఆమె అడిగింది, సెప్పినా."

కొండ మీదికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఆయన మొక్కు తీరింది. నా మొక్కు ఒకటి మిగిలి ఉంది. తమ్ముడు మారితే ఇస్తానన్న తలనీలాలు. వాడు మారలేదు, మారాలని ఇప్పుడు నేను కోరుకోవడమూ లేదు. అట్లాంటి మొక్కును ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. అడిగింది తప్పు స్వామీ అని చెప్పుకుని మూడు కత్తెర్ల జుట్టు ఇచ్చాను. అది చాలుతుందో లేదో స్వామికే తెలియాలి.

తమ్ముడి నక్షత్రం వచ్చిన రోజు ఇద్దర్నీ మా వీధి గుడికి తీసుకుపోయాను. అక్కడి అర్చకుడికి డెబ్భై ఏళ్లు దాటాయి. నా పెళ్లికి ముందు నుంచీ ఎరుగుదును. అర్చన పళ్లెం ఇచ్చి, రెండు గోత్రాలు, రెండు నక్షత్రాలు, రెండు పేర్లు ఒకే సంకల్పంలో చెప్పాలని అడిగాను. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో కూడా చెప్పాను. దాచి చేయించుకుంటే అది దొంగ అర్చన అవుతుందనిపించింది.

అర్చకుడు పళ్లెం చేతిలో పట్టుకుని వాళ్లిద్దరి వైపు చూశాడు.

"శాస్త్రం తెలిసిన పెద్దల్ని అడిగితే వేరేగా సెప్తారేమో తల్లీ. నాకు అంత సదువు లేదు. సంకల్పంలో సహకుటుంబానాం అంటాము. ఎవురిది కుటుంబమో ఎవురిది కాదో తేల్చమని నాకు ఎవురూ సెప్పలా. వాళ్లు ఒక ఇంట్లో వండుకోని తింటా ఉండారా?"

"తింటా ఉండారు."

"అయితే సెప్పు గోత్రాలు."

చదివాడు. హారతి ఇచ్చాడు. వాళ్లిద్దరి నెత్తిన శఠారి పెట్టాడు. తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్న ఆయన మాత్రం గంట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ గంట లోపల తీగ వదులైందట. ఇంటికి వచ్చాక చెప్పాడు.

ఆ రోజు గుడిలో ఉన్నవాళ్ల ద్వారా సంగతి మా శనివారం బృందానికి చేరింది. అందరిలోకి పెద్దావిడ, బృందంలో మొదటి రోజు నుంచీ ఉన్నావిడే, సహస్రనామం అయ్యాక పుస్తకం మూసి నన్ను అడిగింది.

"నీ తమ్ముణ్ణి నువ్వు ఇంటికి పిలుచుకో, కాదనము. గుడికి తీసకరావాల్నా? అట్లాటోళ్లని మంచిదే అంటా నువ్వు గోవిందా అని ఎట్లా పలకతావు?"

"ముందర వాణ్ణి ఎల్లగొట్టి గూడా తొమ్మిదేండ్లు గోవిందా అనే పలికినా. అప్పుడు నన్ను ఎవురూ అడగలా," అన్నాను.

"ధర్మం అని ఒకటి ఉండాది గదా."

"ఉండాది. పలమనేరు పిల్లని వానికి కట్టబెట్టుంటే ఆ పిల్ల బతుకు ఏమయ్యేది? ధర్మమని నేను సెయ్యబొయింది ఆ పని."

ఆమెకు నా జవాబు నచ్చలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు చికెన్‌గున్యా వచ్చినప్పుడు పదిరోజులు మా ఇంటికి అన్నం పంపిన మనిషి. మరుసటి శనివారం ఆమెతోపాటు ఇంకో ముగ్గురు రాలేదు. ఆ నలుగురూ ఇప్పుడు వేరేచోట చదువుకుంటున్నారు. వీధిలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నా అంటాం. అంతవరకే. నాకు అది బాధగానే ఉంది. ఆమె గొంతు లేకుండా మా నామాలు ఇంకా సరిగ్గా కుదరవు.

మిగిలిన ఆరుగురిలో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒకామె, కొన్ని నెలల తర్వాత కూరగాయల మార్కెట్లో నా చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"మా సెల్లెలు కూతురు పెండ్లి వొద్దంటా ఉండాది. దానికి ఒక సావాసగత్తె ఉండాది. నువ్వొచ్చి మాట్లాడతావా?"

"సేసుకోమని మాట్లాడాల్నా, వొద్దని మాట్లాడాల్నా?"

"తెలీదు. వచ్చి మాట్లాడు."

వెళ్లాను. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్లు. నేను లోపలికి వెళ్లగానే చేతులు కట్టుకుని కూర్చుంది. నాలాంటివాళ్లు చాలామంది వచ్చిపోయి ఉంటారు. ఆ పిల్లకు నేనేమీ చెప్పలేదు. వాళ్లమ్మకు మాత్రం నా తొమ్మిదేళ్ల సంగతి, గుండు సంగతి, అంగప్రదక్షిణం సంగతి, నేనన్న మాటతో సహా చెప్పాను. వాళ్లమ్మ ఏడ్చింది, నన్ను రెండు మాటలు అంది కూడా. నేను వాళ్లింట్లో చిచ్చు పెట్టడానికి వచ్చానంది. అయినా ఆ సంబంధం ఆగింది. ఆ పిల్ల ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం చేస్తోంది. తల్లి నెలకోసారి వెళ్లి చూసి వస్తుందని విన్నాను. ఇంకా ఆ సావాసగత్తె ఇంట్లో ఉండగా మాత్రం వెళ్లదట.

చట్టం ఇప్పటికీ మా తమ్ముణ్ణీ ఆయన్నీ దంపతులనదు. అందుకని చేయగలిగినవి చేశాం. తమ్ముడు వీలునామా రాశాడు, ఆయనా రాశాడు. సాక్షి సంతకాలు పెట్టింది నేనూ మావారూ. మళ్లీ ఆసుపత్రి అవసరం పడితే నిర్ణయాలు ఆయనవే కావాలని తమ్ముడు ఒక కాగితం రాస్తే, నాకు సమ్మతమేనని కింద సంతకం పెట్టాను. రేపు ఏ ఆసుపత్రిలో అది ఎంతవరకు చెల్లుతుందో లాయరు కూడా గట్టిగా చెప్పలేకపోయాడు.

పోయిన పెరటాసిలో మూడో శనివారం వాళ్లిద్దరూ రేణిగుంట ఇంట్లో తళిగ వేశారు. స్వామికి పులిహోర, దద్దోజనం, చక్కెర పొంగలి, వడలు, గుగ్గిళ్లు ఆకుల్లో రాశులుగా పోసి, పిండి దీపాలు వెలిగించి పెట్టే నైవేద్యం అది. పిండి నేను కొట్టిచ్చాను, వంట ఆయన చేశాడు. దాయాదులందరికీ నేనే ఫోన్లు చేశాను. పదిహేడు మందిని పిలిస్తే తొమ్మిది మంది వచ్చారు. రానివాళ్లలో కొందరు జ్వరమన్నారు, కొందరు ఫోన్ ఎత్తలేదు. చిన్నాయన వచ్చాడు కానీ లోపల కూర్చోలేదు. వాకిట్లో కుర్చీ వేయించుకుని, గోవిందలు కొట్టేటప్పుడు మాత్రం అక్కడినుంచే గట్టిగా గొంతు కలిపాడు. తినమంటే కడుపు బాగలేదన్నాడు. పోయేముందు ఆయన్ను పిలిచి, "గుగ్గిళ్లు కొంచిం కట్టించు అబ్బా, మీ చిన్నమ్మకి ఇష్టం," అన్నాడు. ఆయన ఒక పెద్ద పొట్లం కట్టి, దాని మీద రెండు వడలు పెట్టి ఇచ్చాడు. చిన్నాయన దాన్ని సంచిలో వేసుకుని చిత్తూరు బస్సుకు వెళ్లిపోయాడు.